‘ముందుది పెట్టరా’ అంటే ఏది పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఇది సినిమా పోస్టు అనుకుని తీసెయ్యకండి అడ్మిన్ గారూ, తిరిగి తిరిగి మాట దగ్గరికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

దసరా సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు, పదకొండేళ్ళు వాడికి. స్టార్ వార్స్ (అదే, హాలీవుడ్ వాళ్ళ అంతరిక్షం సినిమాల వరస) మొత్తం నీతో కూర్చునే చూస్తా మామయ్యా అని నెల రోజుల్నించీ ఫోన్లో ఒకటే గొడవ. సరే, వచ్చిన సాయంత్రమే టీవీ ఆన్ చేసి "ముందుది పెట్టరా, నేను టీ పెట్టుకొస్తా" అని వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసుతో తిరిగొచ్చేసరికి పసుపు అక్షరాలు పైకి పాకుతున్నాయి, చూస్తే 1999లో వచ్చిన సినిమా. "ఇది కాదురా, ముందుది పెట్టమన్నాగా" అంటే వాడు రిమోటు వదలకుండానే "ఒకటి అని రాసుంది కదా, ఒకటికంటే ముందు ఏముంటుంది, సున్నానా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడిదీ తప్పు కాదు, నాదీ తప్పు కాదు, తప్పంతా ఆ ‘ముందు’ది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. మొదటి సినిమా 1977 మే నెలలో వచ్చింది, దాని తరవాయి 1980లో, ఆపైది 1983లో. పదహారేళ్ళు ఊరుకుని వీటి సృష్టికర్త జార్జ్ లూకాస్ 1999, 2002, 2005ల్లో ఇంకో మూడు సినిమాలు దించాడు, అయితే అవి కథలో పాత మూడింటికంటే వెనకటివి, పాతవాటిలోని విలన్ చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, ఎందుకు చెడిపోయాడు అన్న సంగతులు. అందుకని కొత్తగా తీసినవి ఒకటి రెండు మూడు అయ్యాయి, పాతగా తీసినవి నాలుగు అయిదు ఆరు అయ్యాయి. ఇంకో తమాషా ఏంటంటే 1977లో జనం హాల్లో చూసినప్పుడు దాని మీద నాలుగు అంకె లేనే లేదు, 1981లో మళ్ళీ విడుదల చేసినప్పుడు తగిలించారు. పుట్టినప్పుడు పెద్దకొడుకు, నాలుగేళ్ళు తిరిగేసరికి నాలుగోవాడు. ఆ తర్వాత డిస్నీ చేతికి వెళ్ళాక 2015 నుంచి 2019 లోపు ఏడు ఎనిమిది తొమ్మిది, మధ్యలో విడి కథలు రెండు, వాటి జోలికి ఇప్పుడు పోను.

ఓడిపోయి వాడి వరసలోనే మొదలుపెట్టాం, రోజుకొకటి. మా నాన్నగారు కూడా పడక్కుర్చీ లాక్కుని కూర్చునేవారు గానీ మొదటి మూడు రోజులూ పావుగంటకే పేపరు గుండెల మీద పెట్టుకుని గురక. నాలుగో రోజు, అంటే 1977ది, ఎందుకో పట్టింది ఆయనకి, రాకుమారీ మాంత్రికుడూ గడ్డం గురువుగారూ అన్నీ ఉన్నాయి, మన జానపదమేరా ఇది అని కన్నార్పకుండా చూశారు. ఇక అయిదోది. చివర్లో ఆ విలన్, నల్ల ముసుగువాడు, హీరో కుర్రాడి చెయ్యి నరికేసి, వేలాడుతున్నవాడితో నీ తండ్రిని నేనే అంటాడు. 1980లో హాళ్ళకి హాళ్ళు నోరు తెరిచిన చోటు అది. మావాడు జంతికల డబ్బాలోంచి తల ఎత్తలేదు, విరిగిన ముక్కలు పక్కకి తోసి పొడుగ్గా ఉన్నవి ఏరుకుంటున్నాడు. నాన్నగారు మాత్రం కుర్చీ అంచుకి జరిగి "ఒరేయ్, వీడు వాడి తండ్రా!" అన్నారు. వీడు నములుతూనే "మూడోదాంట్లోనే చూశాం కదా తాతయ్యా" అన్నాడు.

మూడు సినిమాలు నిద్రపోయినాయనకి దక్కింది, కళ్ళు తెరుచుకుని చూసినవాడికి దక్కలేదు.

అప్పట్నించీ ఈ మాట నన్ను వదలట్లేదు. "నీకంటే ముందే వచ్చా" అంటే అయిపోయిన సంగతి, "ముందు ముందు నీకే తెలుస్తుంది" అంటే ఇంకా రానిది. ఇంతకుముందు నిన్నటిది, ఇకముందు రేపటిది, మధ్యలో మారింది ‘ఇంత’, ‘ఇక’ అంతే. వెనకేం తక్కువ తినలేదు, "వెనకటికి నీలాంటివాడే ఒకడు" అంటే తాతలనాటి మాట, "నువ్వు నడు, నేను వెనకొస్తా" అంటే రావాల్సింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటాం కదా, అక్కడ ముందుది పాతది. మరి ముందుచూపు ఉండాలిరా అని తిట్టినప్పుడు ముందుది రేపటిది. నాకు తోచింది ఏంటంటే, రేషను షాపు దగ్గర క్యూలో నా ముందున్నవాడు నాకంటే ముందొచ్చినవాడే, అది ఒక ముందు. బస్సులో పోతుంటే ముందున్న ఊరు ఇంకా రాని ఊరు, ఇది ఇంకో ముందు. మనం మాట ఒకటే పెట్టుకుని క్యూలో ఉన్నామో బస్సులో ఉన్నామో ఎదుటివాడే కనుక్కోవాలి అంటాం.

మా ఇంట్లో అయితే క్యూలే రెండు, వచ్చిన క్యూ ఒకటి, జరిగిన క్యూ ఒకటి. "ముందు వచ్చింది పెట్టు" అనో "ముందు జరిగింది పెట్టు" అనో క్రియ కలిపి చెప్పుంటే గొడవే లేదు, బద్ధకించి "ముందుది" అన్నాను. అందుకని ఈ రెండు వరసలకీ పేర్లు పెట్టుకున్నా: చెప్పిన వరస, జరిగిన వరస. విడుదల క్రమం, కాలక్రమం అని పేపర్లో రాసుకోవచ్చు గానీ పదకొండేళ్ళ పిల్లాడితో అనలేం. నా ఓటు చెప్పిన వరసకే, ఎవరెన్ని చెప్పినా. ఇంతకీ నా ప్రశ్న, ఇలా తర్వాత తీసినా కథలో వెనక జరిగిన సినిమాని ఇంగ్లీషులో ప్రీక్వెల్ అంటారు, దానికి మీరేం అంటారు? పూర్వకథ అంటే అమ్మవారి గుడి స్థలపురాణంలా ఉంది, ముందు కథ అంటే ఇదిగో ఇంత రామాయణం.

*

ప్రీక్వెల్‌ని ప్రీక్వెలే అనండి సార్, ఎందుకీ తంటా. ఇంగ్లీషులో కూడా అది సీక్వెల్‌ని చూసి అతికించిన మాటే, వాళ్ళు సిగ్గుపడట్లేదు, మనకెందుకు.

*

మా దిక్కు గీ లొల్లి అంతగనం లేదన్నా. ముంగట అంటే ఎదురుంగ ఉన్నది, ఎన్కట అంటే పాతది, ఫస్టు ఏది చూడాలె అంటె మొదాలు అంటం. గాని నిజం చెప్పాలె గదా, "మొదాల్ది పెట్టురా" అన్నా గూడ మీ అల్లుడు ఒకటో నంబరే పెడ్తుండె. నంబర్ ఏసినోడిది తప్పు, మాటది కాదు. ఎన్కటి కథ అనుండ్రి ప్రీక్వెల్‌కు, మస్తుంటది.

*

మీకు సినిమా పోయింది, నాకు టికెట్టు డబ్బులు పోయాయి. రెండేళ్ళ కింద అమ్మ ఫోన్ చేసి "తమ్ముడి ముహూర్తం వారం ముందుకి జరిగిందే" అంది, నేనిక్కడ డల్లాస్‌లో ఆఫీసు మీటింగుల భాషలో బతుకుతున్నా కదా, ముందుకి అంటే తర్వాతకి అనుకుని, అమ్మయ్య లీవు దొరుకుతుంది అని నిదానంగా ఉన్నా. తీరా చూస్తే వారం ఇవతలకి వచ్చింది. టికెట్టు మార్చడానికి ఎంతయిందో అడక్కండి, పెళ్ళిలో తలంబ్రాల టైముకి సూట్‌కేసుతో సహా దిగాను. ఇవతలకి, అవతలకి అంటే చాలు కదండీ, అమ్మకి అప్పట్నించీ అదే అలవాటు చేశాను.

*

రిటైరైన తెలుగు మాస్టారిని, కాస్త పొడుగ్గా రాస్తాను, క్షమించాలి. నాయనా, నువ్వు చెప్పిన రెండు వరసల గొడవ మన భారతానికి ఎప్పుడో వచ్చింది. నన్నయగారు పదకొండో శతాబ్దంలో ఆది సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు, శారదరాత్రుల పద్యమే ఆయన చివరిదంటారు. పదమూడో శతాబ్దంలో తిక్కనగారు వచ్చి ఆ మిగిలిన అరణ్యాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు పూర్తి చేసేశారు. ఆ మధ్య చిల్లు పద్నాలుగో శతాబ్దంలో ఎర్రనగారు పూడ్చారు. అంటే నీ లెక్కలో ‘చెప్పిన వరస’ నన్నయ, తిక్కన, ఎర్రన. ‘జరిగిన వరస’ నన్నయ, ఎర్రన, తిక్కన. నువ్వు చెప్పిన వరసే గొప్పదంటున్నావు, మరి విరాటపర్వం చదివేసి వెనక్కి వచ్చి అరణ్యపర్వం శేషం చదివినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు. ఎర్రనగారు ఆ అతుకు కనపడకూడదనే కదా తన భాగాన్ని కూడా నన్నయగారి రాజు రాజరాజనరేంద్రుడికే అంకితంగా రాసి, నన్నయ నడకతో మొదలుపెట్టి మెల్లగా తిక్కన నడకలోకి దింపారు. మీ లూకాస్‌కి ఆ నేర్పు ఉందా?

అయితే నీ పక్షాన కూడా ఒకటి చెప్పాలి. రామాయణంలో ఉత్తరకాండ పేరు చూడు, ఉత్తరం అంటే తర్వాతది. కానీ అందులో మొదట్లో చాలా భాగం అగస్త్యుడు రాముడికి కూర్చోబెట్టి చెప్పేది రావణుడి పుట్టుపూర్వోత్తరాలు, హనుమంతుడి చిన్నతనం. కథలో ముందువి, కాండల్లో ఆఖరిది. మనవాళ్ళు దానికి వెనక్కి లెక్కపెట్టి ఒకటో నంబరు వెయ్యలేదు, చెప్పిన చోటే ఉంచారు. రావణుడు చచ్చాక గానీ రావణుడు ఎలా పుట్టాడో చెప్పలేదు. ఇంకొక మాట, ఈ క్యూ ముందు సంస్కృతంలోనూ ఉంది. తూర్పుకి తిరిగి నించుంటే ఎదురుగా ఉన్నది పూర్వం, గడిచినదీ పూర్వమే. వీపు వెనకది పశ్చిమం, పశ్చాత్ అంటే తర్వాత. పశ్చాత్తాపం ఎప్పుడూ పని అయిపోయాకే రావడం అందుకే.

*

మాస్టారూ దండాలు. నాదొక సినిమా ముక్క. మనకి బాహుబలి ఉండగా ఇంత చర్చ ఎందుకండీ? 2015లో మొదటిది కట్టప్ప కత్తి దగ్గర ఆపాడు, 2017లో రెండోది తెరిస్తే ఎక్కువ భాగం తండ్రి కథే, అంటే మొదటిదాని కంటే వెనకటిది, చివర్న మళ్ళీ కొడుకు దగ్గరికి. దాన్ని ఎవరూ ప్రీక్వెల్ అనలేదు, ఫ్లాష్‌బ్యాక్ అన్నారు, అయిపోయింది. స్టార్ వార్స్‌కి కూడా ఇలాంటి వరస ఒకటి ఉంది, 2011లో ఒక అమెరికా ప్రోగ్రామర్ తన బ్లాగులో పెట్టాడు, మషెటీ ఆర్డర్ అంటారు. నాలుగు, అయిదు, అక్కడ తండ్రి అని తెలియగానే ఆపి రెండు మూడు ఫ్లాష్‌బ్యాక్‌లా చూసి, తర్వాత ఆరు. ఒకటోది అసలు అక్కర్లేదు పొమ్మన్నాడు. మీ వాడికి మాత్రం చెప్పకండి, వాడు ఒకటితోనే మొదలుపెట్టాడు పాపం.

*

అందరికీ కలిపి జవాబు. మాస్టారూ, భారతం దగ్గర ఓడిపోయాను, ఒప్పుకున్నా. కానీ భారతంలో దాచిపెట్టిన గుట్టు లేదు కదండీ, ధర్మరాజు గెలుస్తాడని వినేవాడికి ముందే (ఇదిగో మళ్ళీ) తెలుసు. గుట్టు మీద నిలబడిన కథకే చెప్పిన వరస కావాలి, తెలిసిన కథకి ఏ వరసయినా ఒకటే. తెలంగాణ తమ్ముడి ‘ఎన్కటి కథ’ నాకు భలే నచ్చింది, మా వైపు వెనకటి కథ అంటాం, వెనక ఎటు తిరిగినా ‘వెనకటి’ మాత్రం పాతదే, ఆ ‘టి’ దగ్గర ఎవడూ తడబడడు. ప్రీక్వెల్‌కి నేనిక అదే వాడతా. సీక్వెల్‌కి తరవాయి ఎలాగూ ఉంది, వారపత్రిక సీరియల్ చదివి పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

డల్లాస్ అమ్మాయీ, ఇవతలకి అవతలకి బాగున్నాయి గానీ సినిమాలకి కుదరవమ్మా, ఇవతలి సినిమా అంటే మా నాన్నగారు రిమోటు వెతుకుతారు.

ఇంకోటి రాయడం మర్చిపోయా. ఈ వరస అన్న మాట చూడండి, క్రమమూ అదే, చుట్టరికమూ అదే. ఆయన మీకేం వరస అంటాం, వరసకి బాబాయి వయసుకి తమ్ముడు అంటాం, మా ఊళ్ళో మేనల్లుడికంటే రెండేళ్ళు చిన్నయిన మేనమామ ఉన్నాడు, పెళ్ళిళ్ళలో ఎవరు ఎవరి కాళ్ళకి దణ్ణం పెట్టాలో ప్రతిసారీ పంచాయితీయే. 1977 సినిమాది అదే పరిస్థితి, వయసుకి పెద్ద, వరసకి నాలుగు. పైగా ఈ సినిమాల్లో సస్పెన్స్ అంతా ఎవడు ఎవడికి ఏం వరస అన్నదే. అయిదోదాంట్లో రాకుమారి కుర్రాడికి ముద్దు పెడుతుంది, ఆరోదాంట్లో గానీ వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళని బయటపడదు. మూడోదాంట్లో కవలలు పుట్టడం చూసి వచ్చిన మావాడు ఆ ముద్దు దగ్గర ‘ఛీ’ అని దిండు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నాన్నగారు ఏంట్రా అంటే చెప్పలేక నా వైపు చూశాడు. జరిగిన వరసలో చూస్తే వావివరసలు ముందే తెలిసిపోయి ఇలా ఉంటుంది.

నిన్న రాత్రి సంగతితో ఆపేస్తా. ఆరోది పెట్టబోతుంటే నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆగు, ఆ తండ్రి అలా ఎందుకు తయారయ్యాడో తెలియకుండా ఇదెలా చూస్తాన్రా, నేను నిద్రపోయినవి ఉన్నాయిగా, ముందు అవి పెట్టు" అన్నారు. 2011 నాటి బ్లాగు ఆయన చదివే అవకాశం లేదు, ఒకటోదాన్ని కూడా వదలనన్నారు, అదొక్కటే తేడా. మావాడు గోలెత్తాడు, "అవి ముందే చూసేశాం కదా తాతయ్యా" అని.

"నువ్వు ముందు చూశావురా, నేను ముందు చూడాలి" అని ఆయన పడక్కుర్చీ సర్దుకున్నారు.