అరగోర్న్ వేసిన నటుడికి సొంత ప్రచురణ సంస్థ ఉందా?

ప్రశ్న: ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో అరగోర్న్‌గా చేసిన వీగో మోర్టెన్‌సన్ పుస్తకాలు కూడా అచ్చేస్తాడట కదా? నిజంగా సాహిత్యమేనా, లేక తన ఫొటోలతో అభిమానులకు అమ్ముకునే సరుకా?

మైథిలి: సాహిత్యమేనండీ. 2002లో పిలార్ పెరెజ్ అనే ఆవిడతో కలిసి పర్సెవల్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టాడు, కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో. పర్సెవల్ అన్నది ఆర్థర్ రాజు పాత కథల్లోని ఒక వీరుడి పేరు. అతని మొదటి కవితా సంపుటి అంతకు ముందే, 1993లో వచ్చింది. కాబట్టి సినిమా పేరు చూసుకుని కవి అయ్యాడని అనలేం. చిన్నప్పుడు అర్జెంటీనాలో పెరిగాడు కనుక స్పానిష్ బాగా వచ్చు. ఆ దేశపు కొత్త కవుల సంకలనం కూడా వేశాడు. నాకైతే అదే అన్నిటికన్నా గొప్ప పని. కవిత్వం, అందులోనూ పెద్దగా పేరు లేనివాళ్లది, ఏ పెద్ద ప్రచురణకర్త ముట్టుకుంటాడు చెప్పండి?

శ్రీను: సినిమా డబ్బు ఉంటే ఎవరైనా వేస్తారు మేడమ్.

మైథిలి: డబ్బున్న హీరోలు మన దగ్గర తక్కువా శ్రీనుగారూ? ఎంతమంది కవిత్వం అచ్చేశారు? నేను నా కథలు 500 కాపీలు వేయించాను. ప్రూఫులు దిద్ది దిద్ది కళ్లు పోయాయి. ఇప్పటికీ కట్టలు మంచం కిందే ఉన్నాయి, ఊడవాలంటే ముందు వాటిని జరపాలి. మా ఆయన రోజూ సణుగుడు. మీకు ఒకటి పంపనా?

శ్రీను: పంపండి. పోస్టు ఖర్చు నాది.