1942 ఏప్రిల్‌లో మద్రాసు వదిలి వెళ్లినవాళ్లు దీపావళికి తిరిగొచ్చారు. మధ్యలో ఏం మారింది?

పెరంబూరు అమ్మాయి

అందరికీ నమస్కారం. మా అమ్మమ్మకు 91 ఏళ్లు. పుట్టి పెరిగింది ఇక్కడే, జార్జ్‌టౌన్‌లో. వాళ్ల నాన్నగారికి కొత్వాల్ చావడిలో కూరగాయల మండీ ఉండేది. 1942 ఏప్రిల్‌లో ఆమెకు ఎనిమిదేళ్లు. "జపాన్ వాడొస్తున్నాడు" అంటూ వీధికి వీధి ఖాళీ అయిందట. ముత్తాతగారు మండీ వదల్లేక ఉండిపోయి, ఆడవాళ్లనీ పిల్లల్నీ శ్రీకాళహస్తిలో మేనత్త ఇంటికి పంపేశారు. రైల్లో చోటు లేక, బియ్యం పోసిన ఇత్తడి బిందె మీద తనను కూర్చోబెట్టారని అమ్మమ్మ ఇప్పటికీ చెబుతుంది. జూలో క్రూరమృగాల్ని కాల్చేశారని విని రాత్రంతా ఏడ్చిందట. ఆ కాల్చడం నిజమేనని నేను తర్వాత చదివాను.

నాకు అర్థం కానిది ఒకటే. దీపావళికి అందరూ తిరిగొచ్చేశారు. యుద్ధం ఆ తర్వాత కూడా దాదాపు మూడేళ్లు నడిచింది. రంగూన్, అండమాన్ జపాన్ చేతుల్లోనే ఉన్నాయి. అంత దగ్గరున్న శత్రువంటే ఆర్నెల్లలో భయం ఎలా తగ్గింది? గెలుస్తూ వస్తున్నవాళ్లు ఓడిపోవడం ఎక్కడ మొదలైంది?

అడయార్ పాఠకుడు

మిడ్‌వే అండీ, పసిఫిక్ మహాసముద్రంలోని దీవి. 1942 జూన్ 4న అక్కడ అమెరికాతో మొదలైన పోరులో జపాన్ నాలుగు విమాన వాహక నౌకలు పోగొట్టుకుంది. అక్కడి నుంచి జపాన్‌ది వెనకడుగే.

పాత ఇంజన్ రూమ్

అమ్మా, మిడ్‌వే నిజమే. కానీ మీ అమ్మమ్మగారు రైలెక్కిన రోజుల నుంచి చెబితే గానీ ఆ పేరు మనకు అర్థం కాదు. నేను 34 ఏళ్లు ఓడల్లో ఇంజనీరుగా చేశాను, ఇప్పుడు రాయపురంలో ఉంటున్నాను. యుద్ధం గురించి ఏం చదివినా నా మనసు ముందు ఓడల మీదికే పోతుంది. ఓడ ఎక్కడుంది, ఆయిల్ ఎంతుంది, దెబ్బ తగిలితే ఎక్కడ బాగుచేస్తారు?

ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. 6న విశాఖ, కాకినాడ. 9న సిలోన్‌లోనే ఉన్న ట్రింకోమలీ రేవు, అదే రోజు బ్రిటిష్ వాహక నౌక హెర్మిస్ మునిగింది. బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు పోయాయి. బ్రిటిష్ వాళ్లు తమ తూర్పు నౌకాదళాన్ని ఆఫ్రికా తీరంలోని కిలిండిని రేవుకు తీసుకుపోయారు. అంటే మద్రాసుకు సముద్రం వైపు కాపలా లేదు. మీ ముత్తాతగారు పిల్లల్ని పంపడం నూటికి నూరుపాళ్లు సరైన పని.

ఇప్పుడు ఆ కొలంబో మీదికి వచ్చిన అయిదు వాహక నౌకల వెంట వెళ్లండి. అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు. చివరి రెండూ మే నెలలో అమెరికా నౌకలతో పోరుకు ఆస్ట్రేలియా దగ్గరి కోరల్ సముద్రానికి వెళ్లాయి. షోకాకు బాంబులు తింది, జుయికాకు విమానాల్నీ పైలట్లనీ పోగొట్టుకుంది. ఆ రెండూ మిడ్‌వేకి రాలేకపోయాయి. మిగతా మూడూ కాగా అనే ఇంకోదానితో కలిసి మిడ్‌వేలో మునిగాయి. విశాఖ మీద బాంబులేసిన విమానాలు ర్యుజో అనే చిన్న వాహక నౌకవి. అదీ ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర మునిగింది. మన తీరాన్ని వణికించిన బలం అయిదు నెలల్లో అలా కరిగిపోయింది. జపాన్ రంగూన్‌లోనే ఉంది, కానీ అక్కడి నుంచి సముద్రం మీద మన దాకా అలాంటి దండును మళ్లీ పంపే శక్తి దానికి లేకపోయింది.

నన్ను కదిలించేది ఇంకొకటి. కోరల్ సముద్రంలో అమెరికా నౌక యార్క్‌టౌన్‌కి కూడా గట్టి దెబ్బే తగిలింది. దాన్ని హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్‌లో డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసి ఓడల్ని బాగుచేసే చోటు) పెట్టి, రాత్రింబవళ్లు పనిచేసి, మూడు రోజుల్లో మళ్లీ సముద్రంలోకి వదిలారు. మిడ్‌వేలో పోరాడింది, అక్కడే పోయింది. డ్రై డాక్‌లో ఒక మామూలు పనికే వారాలు పట్టడం నేను కళ్లారా చూశాను. ఆ మూడు రోజులూ వెల్డింగ్ చేసిన మనుషుల్ని తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. 1941 డిసెంబర్ 7న జపాన్ పెర్ల్ హార్బర్‌లో యుద్ధనౌకల్ని ముంచింది గానీ ఆయిల్ ట్యాంకుల్నీ మరమ్మతు యార్డునీ వదిలేసింది. దాని ఫలితమే ఇది.

ఆ తర్వాత నడిచిందంతా కర్మాగారాల యుద్ధం. 1944లో అమెరికా దాదాపు 96,000 విమానాలు తయారుచేస్తే జపాన్ చేసింది సుమారు 28,000. లిబర్టీ సరుకు ఓడలే 2,710 కట్టారు. జపాన్‌కి సుమత్రా, బోర్నియోల్లో ఆయిల్ దొరికింది, కానీ దాన్ని ఇంటికి చేర్చే ట్యాంకర్లను అమెరికన్ సబ్‌మెరైన్లు ముంచుతూ పోయాయి.

తిరువాన్మియూర్ టీచర్

ఓడల లెక్క అన్నగారు చెప్పారు. నేను కూటమి గురించి చెబుతాను. జర్మనీ, జపాన్ ఒక కూటమి అన్నది చాలావరకు కాగితం మీదే. 1941 ఏప్రిల్‌లో జపాన్ సోవియట్‌తో తటస్థ ఒప్పందం చేసుకుంది. జూన్ 22న జర్మనీ అదే సోవియట్ మీద పడింది. ఆ తర్వాత అమెరికా సోవియట్‌కి పంపిన సరుకులో దాదాపు సగం పసిఫిక్ మీదుగా వ్లాదివొస్తోక్ రేవుకే వెళ్లింది. సోవియట్ జెండా కట్టిన ఓడలు జపాన్ ముంగిట్లోంచే పోయాయి. జర్మనీని కొట్టడానికి వెళ్లే సామాన్లకు జర్మనీ మిత్రుడే దారి ఇచ్చాడన్నమాట! ఇటు చర్చిల్‌కి కమ్యూనిజం అంటే పడకపోయినా స్టాలిన్‌కి సాయం ఆపలేదు.

కలిమి ఉన్నన్నాళ్లే చుట్టాలు. 1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయి, అక్టోబర్‌లో జర్మనీ మీదే యుద్ధం ప్రకటించింది. సోవియట్ నగరం స్టాలిన్‌గ్రాడ్ దగ్గర జర్మనీ పక్షాన పోరాడి సైన్యాల్ని పోగొట్టుకున్న రొమేనియా 1944 ఆగస్టులో పక్షం మార్చింది. దాంతో జర్మనీకి రొమేనియాలోని ప్లోయెస్తి ఆయిల్ కూడా పోయింది.

పెరంబూరు అమ్మాయి

ఇవన్నీ ఈరోజు అమ్మమ్మకు చదివి వినిపించాను. ఓడల పేర్లు శ్రద్ధగా విని, "మరి బియ్యం సంగతి రాయలేదేం?" అంది. శ్రీకాళహస్తి నుంచి వచ్చాక ఇంట్లో అన్నం కొలిచి పెట్టేవారట. బర్మా బియ్యం రావడం లేదని వాళ్ల నాన్న రోజూ అనేవారట. మిత్రరాజ్యాలు గెలుస్తున్న రోజులే కదా అవి? నాకు మనసంతా అదోలా అయిపోయింది.

పాత ఇంజన్ రూమ్

అమ్మమ్మగారు అడిగింది న్యాయం. అది నేను ముందే రాయాల్సింది. 1942 మార్చి 8న రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడాది, అంటే స్టాలిన్‌గ్రాడ్ తర్వాత, మిత్రరాజ్యాల జాతకం పూర్తిగా తిరిగిన 1943లో, బెంగాల్ కరువు సుమారు 30 లక్షల మందిని తీసుకుపోయింది. ధాన్యానికి ఓడలు కావాలని ఢిల్లీ నుంచి మళ్లీ మళ్లీ అడిగారు. లండన్‌లోని యుద్ధ మంత్రివర్గం అడిగినదాంట్లో చాలా కొంచెమే ఇచ్చింది. పైన అన్ని వేల ఓడలు లెక్కపెట్టి చెప్పిన నాకు ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

అమ్మమ్మగారిని ఒకటి అడగండి. ఆ రోజుల్లో అన్నం చాలనప్పుడు ఏం తినేవారు?

పెరంబూరు అమ్మాయి

అడిగాను అంకుల్. రాగి సంకటి. మేనత్త శ్రీకాళహస్తి నుంచి రాగులు పంపేదట, అదే బిందెలో.