చూడి గొర్రెలకు ఆల్బెండజోల్ తాపొచ్చా?

పాలమూరు మంద: వానలు పడ్డయి గదా, మందకంతా నట్టల (కడుపుల పురుగుల) మందు తాపుదామనుకుంటున్న, ఆల్బెండజోల్ డబ్బా ఉంది గానీ కొన్ని గొర్రెలు ఈ మధ్యనే చూడి కట్టినయి, వాటికి గూడ తాపొచ్చానే అన్నా?

మేకలోడు: అస్సలొద్దు తమ్మీ. చూడి కట్టిన కొత్తల ఆల్బెండజోల్ పడితే కడుపుల పిల్ల దెబ్బతింటది. వాటిని ఏరి పక్కకు కట్టెయ్, ఫెన్‌బెండజోల్ అని ఇంకో నట్టల మందుంది, అది ఇయ్యొచ్చా అని పశువుల డాక్టర్ని అడుగు. మేకలున్నయా? గొర్రె డోసు వాటికి చాలదు, అదీ అడుగు.

కరీంనగర్ కాక: తాపేటప్పుడు తల మరీ పైకెత్తకుర్రి, మందు ఊపిరితిత్తుల్లకు పోతే న్యుమోనియానే. అసలు అన్నిటికీ ఎందుకు? కింది కనురెప్ప తిప్పి చూడు, ఎర్రగుంటే ఆగొచ్చు, తెల్లగ పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా రక్తం తాగే నట్టలని అనుమానించాలె. ఊకె తాపితే మందు పనిచెయ్యడం మానేస్తది.

పాలమూరు మంద: సరే కాకా, చూడివి ఏరుతున్న. చిటుక రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చచ్చే రోగం) టీకా గూడ ఇంక ఏపియ్యలే 😬