ఏడు నెలల పాపతో డాలస్ నుంచి హైదరాబాద్: బాసినెట్ గురించి

కొత్త అమ్మ, డాలస్:
అందరికీ నమస్కారం. మేము అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు ఐదో నెల. సంక్రాంతికి ఊరు తీసుకువెళ్లాలని అనుకుంటున్నాం, అప్పటికి ఏడు నెలలు నిండుతాయి. మావారికి సెలవు దొరకదు కనుక వెళ్లేటప్పుడు నేనూ పాపా మాత్రమే. వచ్చేటప్పుడు అత్తయ్యగారు తోడుంటారు. నా ప్రశ్నలు రెండే. బాసినెట్ (పసిపిల్లను పడుకోబెట్టడానికి విమానంలో తగిలించే చిన్న తొట్టి) ఉన్న సీటు ఎలా అడగాలి? విమానం దిగేటప్పుడు పసిపిల్లలకు చెవులు నొప్పి పుడతాయంటారు, ఏం చేయాలి? టికెట్టు ఇంకా కొనలేదు.

న్యూజెర్సీ నాన్న:
బాసినెట్ సంగతి తర్వాత చూద్దామమ్మా. పాపకు పాస్‌పోర్టు వచ్చిందా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, అందుకే అడుగుతున్నాను.

పదహారేళ్లు నిండని పిల్లల పాస్‌పోర్టు దరఖాస్తుకు డీఎస్-11 ఫారం. తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డను వెంటబెట్టుకుని స్వయంగా వెళ్లాలి. ఒకరు రాలేకపోతే వారు డీఎస్-3053 అనే అంగీకార ఫారం మీద నోటరీ ముందు సంతకం చేసి, నోటరీకి చూపిన గుర్తింపు కార్డు జిరాక్సు రెండువైపులదీ జతచేసి పంపాలి. ఆ కాగితం మూడు నెలలే చెల్లుతుంది. ఆసుపత్రివారు పాదముద్రలు వేసి ఇచ్చే అందమైన కాగితం జనన ధ్రువపత్రం కాదు. తల్లిదండ్రుల పేర్లున్న అసలు పత్రం తెప్పించుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాకపోతే ఆ గడిలో సున్నాలు వేస్తే సరిపోతుంది. ఫీజు 100 డాలర్లు స్టేట్ డిపార్ట్‌మెంట్ (అమెరికా విదేశాంగ శాఖ) పేరిట చెక్కు, మరో 35 దరఖాస్తు తీసుకునే చోట విడిగా. తొందరగా కావాలంటే ఇంకో 60.

ఇవన్నీ సరిగ్గా పట్టుకుని మేము మా ఊళ్లోని ఒక కార్యాలయానికి వెళ్లాం. అక్కడి గుమస్తా ముందు ఫొటో చూశాడు. బాబు కళ్లు సగమే తెరిచి ఉన్నాయట, పనికిరాదన్నాడు. పసికందుల కళ్లు పూర్తిగా తెరుచుకోకపోయినా ఫరవాలేదని వాళ్ల నిబంధనల్లోనే ఉందయ్యా అంటే, గోడమీద పెద్దవాళ్ల కోసం అంటించిన బొమ్మ చూపించాడు. సరే, పైఅధికారిని పిలవమన్నాను. ఆవిడ భోజనానికి వెళ్లింది. కూర్చున్నాం. ఈలోగా అతను నా పాస్‌పోర్టు తిరగేశాడు. అసలు కథ అక్కడ మొదలైంది.

నా ఇండియా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా రెండో గడిలో ఉంది. మనలో ఎంతోమందికి అంతే కదా. అందువల్ల అమెరికా వీసాలో నా పేరంతా ఇంటిపేరు చోటికి పోయి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ, అంటే పేరు తెలియదు, అని పడింది. బాబు జనన పత్రంలో మాత్రం ఆ మూడక్షరాలు లేవు. గుమస్తా నన్ను ఎఫ్ఎన్‌యూ గారూ అని పిలిచి, పత్రంలో ఉన్న తండ్రి మీరు కాదు అన్నాడు! బాబు నా భుజం మీదే ఉన్నాడు, ముక్కు కూడా నాదే. పైఅధికారి భోజనం ముగించుకుని వచ్చి, అతని మాటనే ఇంకొంచెం మర్యాదగా చెప్పి పంపేసింది.

పక్క కౌంటీలో మరో కార్యాలయం ఉంది. అదే ఫొటో, అవే కాగితాలు. అక్కడి పెద్దావిడ పెళ్లి సర్టిఫికెట్టు కూడా ఒకసారి చూసి, అరగంటలో ముద్ర వేసి తీసుకుంది. పాస్‌పోర్టు ఏ పేచీ లేకుండా వచ్చింది. కౌంటర్లో కూర్చున్నవాళ్లు దరఖాస్తు పుచ్చుకునేవాళ్లే, ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది వేరేచోట. ఒకచోట కాదంటే వాదించకుండా ఇంకోచోటికి వెళ్లండి.

అట్లాంటా పాతకాపు:
పాస్‌పోర్టు వస్తే పని అయిపోయిందనుకోకండి. పాప అమెరికా పౌరురాలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇండియా ఇచ్చే కార్డు) లేకుండా విమానం ఎక్కనివ్వరు. ముందు దానికి పెట్టండి. పాస్‌పోర్టు మారినప్పుడల్లా ఓసీఐ కూడా కొత్తది తీసుకోవాలి, ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఇదే తంతు.

సియాటిల్ పిల్లలతల్లి:
పాతకాపు గారూ, ఓసీఐ లేకపోతే ఎక్కనివ్వరన్నది నిజం కాదు. ఆన్‌లైన్‌లో తీసుకునే ఇండియా ఈ-వీసా చాలు. ముప్పై రోజులది, ఏడాదిది, ఐదేళ్లది ఉన్నాయి. తల్లి పాస్‌పోర్టు ఇండియాదే అయినా పాపకు విడిగా దరఖాస్తు పెట్టాలి. అచ్చం సర్కారు సైటులా కనిపించి రెట్టింపు డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, చిరునామా చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. సంక్రాంతికి రెండు నెలలే ఉంది, పాస్‌పోర్టు కూడా రాలేదు, ఇప్పుడు ఓసీఐ కోసం కూర్చుంటే పండగ ఇక్కడే చేసుకోవాలి. ఇక మీరు చెప్పిన మార్పిడి పాత రూలు. 2021 నుంచి ఇరవై దాటాక ఒక్కసారి మార్చుకుంటే చాలు. మధ్యలో పాస్‌పోర్టు మారితే కొత్తదాని కాపీ, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కించడమే.

చెల్లెమ్మా, మీవారు రావడం లేదు కాబట్టి ఆయన చేత ఒక అంగీకారపత్రం రాయించి నోటరీ చేయించి దగ్గర పెట్టుకోండి. అది తప్పనిసరి అని చట్టంలో లేదు గానీ ఇక్కడి సరిహద్దు అధికారులు ఉంచుకోమంటారు. పాప ఇంటిపేరూ మీ ఇంటిపేరూ వేరైతే జనన పత్రం కాపీ కూడా. తిరిగి వచ్చేటప్పుడు పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు. మీ వీసా స్టాంపు తేదీ మాత్రం ఇవాళే చూసుకోండి. దాని గడువు తీరితే చేతిలో ఐ-797 (ఇక్కడి ఇమిగ్రేషన్‌వారు ఇచ్చే ఆమోదపత్రం) ఉన్నా అక్కడ కాన్సులేటు మెట్లెక్కాల్సిందే.

హ్యూస్టన్ అమ్మమ్మ:
పాపం ఆ పిల్ల అడిగింది ఒకటి, మీరు చెబుతున్నది ఒకటి. నేను చెబుతాను వినమ్మా.

చెవుల బాధ ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ. లోపల గాలి ఒత్తిడి మారుతుంటే మనం గుటక వేసి సర్దుకుంటాం, పసిదానికి అది తెలియదు. అందుకని దిగేటప్పుడు పాలు పట్టాలి, లేదా చప్పరించడానికి రబ్బరు పీక ఇవ్వాలి. అందరూ చక్రాలు నేలను తాకబోతుంటే మొదలుపెడతారు, అప్పటికే ఆలస్యం. నేల తాకడానికి సుమారు అరగంట ముందే విమానం దిగడం మొదలవుతుంది. అందుకే అంతకు ముందు కడుపునిండా పట్టేయకు, ఆ పాలు దాచుకో. జలుబు చేసి ముక్కు బిగిసి ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించు.

బాసినెట్ ఎదురుగా గోడ ఉన్న మొదటి వరుసలోనే తగిలిస్తారు. విమానానికి కొన్నే ఉంటాయి. టికెట్టు కొన్నరోజే ఫోను చేసి అడుగు, పాప బరువూ పొడవూ చెప్పు. బరువు పరిమితి ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, ఏడు నెలల బొద్దు పిల్లకు అనుమానమే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అది వాడనివ్వరు. మధ్యలో సీటుబెల్టు దీపం వెలిగిందంటే నిద్రపోతున్న పిల్లనైనా ఎత్తి ఒళ్లో పెట్టుకోవాలి. ఆ వరుసలో కాళ్ల దగ్గర సంచి ఉంచనివ్వరు, అంతా పైన పెట్టాలి. కాబట్టి రెండు డైపర్లు, తుడిచే గుడ్డలు, ఒక జత బట్టలు చిన్న సంచిలో వేసి చేతిలో ఉంచుకో. నీకూ ఒక జత పెట్టుకో, కక్కేది పిల్లే అయినా తడిసేది నువ్వే.

ఫిలడెల్ఫియా ఒంటరి పక్షి:
మా స్నేహితులు ఎక్కే ముందు పిల్లవాడికి అలర్జీ సిరప్పు ఒక చెంచా పోసేవారు. హాయిగా నిద్రపోయేవాడట.

హ్యూస్టన్ అమ్మమ్మ:
నీకు పిల్లలు లేరు కాబట్టి బతికిపోయావు నాయనా. నిద్ర కోసం ఆ మందు పోయవద్దని ఇక్కడి పిల్లల డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. కొందరు పిల్లలకు అది తిరగబడి ఇంకా రేగిపోతారు కూడా.

సియాటిల్ పిల్లలతల్లి:
డాక్టరు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. మామూలుగా తట్టు టీకా ఏడాది నిండాకే వేస్తారు. విదేశాలకు వెళ్లే పిల్లలకు మాత్రం ఆరు నెలలు దాటితే తట్టు టీకా ఉండే ఎంఎంఆర్ ఒక డోసు ముందే వేయమని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. అది లెక్కలోకి రాదు, ఏడాది తర్వాత రెండు డోసులూ మళ్లీ ఉంటాయి. మీ పాపకు ఆరు నిండగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

న్యూజెర్సీ నాన్న:
పాపను ఒళ్లో కూర్చోబెట్టుకునే టికెట్టు కొనకండి, విడిగా సీటు కొనండి. అంతర్జాతీయ ప్రయాణంలో అది పెద్దవాళ్ల ఛార్జీలో సుమారు పదోవంతు, చవకే, కాదనను. కానీ గట్టి కుదుపు వస్తే చేతులతో పట్టుకోలేరు. రెండేళ్లలోపు పిల్లలను కూడా కారు సీటులో కట్టి కూర్చోబెట్టమనే ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చెబుతుంది. ఆ కారు సీటు మీద విమానంలో వాడవచ్చని ఎర్ర అక్షరాలతో రాసి ఉండాలి.

అట్లాంటా పాతకాపు:
పిల్లను ఎత్తుకుని, సంచులు మోస్తూ, విమానం మారే దోహా లాంటి చోట ఆ కారు సీటు కూడా ఈడ్చుకుంటూ ఒక్క ఆడమనిషి ఎలా వెళుతుందండీ? మా పిల్లలందరూ ఒళ్లోనే వెళ్లారు.

న్యూజెర్సీ నాన్న:
మీ పిల్లలు వెళ్లినప్పుడు విమానాల్లో సిగరెట్లు కూడా కాల్చేవాళ్లు లెండి.

హ్యూస్టన్ అమ్మమ్మ:
ఇద్దరూ ఆగండి. డబ్బుంటే సీటు కొనుక్కుంటుంది, లేకపోతే ఒళ్లో పెట్టుకుంటుంది. దారి మాట చెప్పండి. డాలస్ నుంచి దోహాకో దుబాయికో నేరుగా వెళ్లి, అక్కడ మారితే శంషాబాదులోనే దిగవచ్చు. ఢిల్లీ మీదుగా చవకగా వస్తుందని ఎవరైనా అంటే వినకు తల్లీ. మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, పెట్టెలు తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ పెట్టెలు అప్పగించడం. చంకలో పిల్లతో ఒక్కదానివి చేయలేవు.

కొత్త అమ్మ, డాలస్:
అందరికీ కృతజ్ఞతలు. పాస్‌పోర్టుకు ఇంకా పెట్టలేదు, రేపే అపాయింట్‌మెంట్ చూస్తాను. మావారి పాస్‌పోర్టులోనూ ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది! ఇంకొక్క మాట. సెక్యూరిటీ దగ్గర పాలు తీసేస్తారా?

సియాటిల్ పిల్లలతల్లి:
ఇక్కడ తీయరు. తల్లిపాలకు, డబ్బాపాలకు, పిల్లల తిండికి ఆ వంద మిల్లీలీటర్ల పరిమితి లేదు. ముందే చెప్పి, బయటకు తీసి విడిగా పెట్టండి. ఎక్స్‌రేలోకి వద్దంటే వేరే విధంగా పరీక్షిస్తారు, కాస్త సమయం పడుతుంది. దారిలో మారేచోట పద్ధతి వేరుగా ఉండవచ్చు, పొడి విడిగా ఉంచుకుని వేడినీళ్లు విమానంలో అడగండి.

అట్లాంటా పాతకాపు:
ఓసీఐ రూలు మారిందంటున్నారు, మారి ఉండవచ్చు. ఎందుకైనా మంచిది, పాప పాత పాస్‌పోర్టు మాత్రం ఎప్పుడూ పారేయకండి.

సియాటిల్ పిల్లలతల్లి:
పాతకాపు గారూ, పాపకు ఇంకా కొత్తదే రాలేదు.