కూడబలుక్కుని చదివే పాప గడగడా చదవాలంటే ఏం చేయాలి?

మా పాపకి ఏడేళ్లు. గుణింతాలు, ఒత్తులు అన్నీ వచ్చు. కానీ ప్రతి మాటా కూడబలుక్కుంటూనే చదువుతుంది. నిన్న 'పుస్తకం' దగ్గర 'పు' అని ఆగింది, 'స్త' మీద వేలు పెట్టి కాసేపు పెదాలు కదిపింది, 'కం' అన్నాక మొత్తం కలిపి చెప్పింది. రెండు లైన్ల కింద అదే మాట వస్తే మళ్లీ మొదటి నుంచీ అంతే. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివిందో గుర్తుండదు. అదే కథ నేను చదివి వినిపిస్తే ఏం అడిగినా టక్కున చెబుతుంది. కంటి పరీక్ష చేయించాం, చూపు బాగానే ఉంది.

చదవడం బాగా అలవాటైనవాళ్లు చిన్న మాటని దాదాపు ఒక్క అక్షరాన్ని గుర్తుపట్టినంత వేగంగా గుర్తుపడతారని జేమ్స్ కాటెల్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ 1880ల్లోనే చూపించాడు. మాటని బొమ్మలా బట్టీపడితే ఆ వేగం రాదు, అక్షరాన్ని శబ్దంతో కలిపి పదేపదే చదివితేనే వస్తుందని చదివాను. అందుకే బొమ్మ చూసి మాట ఊహించమనడం నాకు ఇష్టం లేదు.

మీ పిల్లలు ఈ దశ ఎలా దాటారండీ? ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివించాలా, కొత్త కథలు ఇవ్వాలా? వేలు పెట్టి చదవడం మాన్పించాలా? నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే: డిస్లెక్సియా (తెలివి బాగానే ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య) పరీక్ష ఇప్పుడే చేయించాలా, ఇంకొన్నాళ్లు ఆగొచ్చా? చిన్న తరగతులకి చెప్పే టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.