చెరువు పక్కన శిఖం పట్టా ప్లాటు: రిజిస్ట్రేషన్ అవుతుందంటే కొనవచ్చా?

ప్రశ్న

నమస్కారం. హైదరాబాద్ శివారులో చెరువుకు దగ్గరగా 150 గజాల ప్లాటు చూశాం. "శిఖం పట్టా, అంటే సొంత భూమే. పక్కన ఇళ్లు లేచాయి, రిజిస్ట్రేషన్ కూడా అవుతోంది" అంటున్నారు అమ్మేవారు. ఇది మా నాన్నగారి పదవీ విరమణ డబ్బు. శనివారం బయానా ఇవ్వాలి. ఏమేం చూసుకోవాలో చెప్పండి.

జవాబు (సర్వే పనిలో ముప్పై ఏళ్లు ఉన్నవాడిని)

ముందు బయానా ఆపండమ్మా.

చెరువు నిండితే మునిగే నేలే శిఖం. అందులో కొంత సర్కారుది, కొంత పట్టా. పట్టాదారుకు ఉన్నది నీరు వెనక్కి తగ్గాక పంట వేసుకునే హక్కు. ఇల్లు కట్టే హక్కు కాదు. 2012 నాటి జీవో 168 ప్రకారం ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు, లోపల ఇళ్లకు చోటు లేదు. ఆ హద్దు దాటాక కూడా పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు బఫర్‌గా, అంటే ఏమీ కట్టకుండా, వదలాలి.

రిజిస్ట్రేషన్‌ను నమ్ముకోవద్దు. సబ్ రిజిస్ట్రారు చూసేది పత్రాలు, స్టాంపు రుసుము, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అన్నది. పట్టా శిఖం ఆ జాబితాలో లేకపోవచ్చు. లేనంత మాత్రాన ఇల్లు కట్టుకోవచ్చని కాదు.

ప్లాటు నంబరు కాదు, సర్వే నంబరు అడగండి. దానితో హెచ్‌ఎండీఏ చెరువుల వెబ్‌సైటులో ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి. తహసీల్దారు కార్యాలయంలో గ్రామ నక్షా, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎలాంటి భూమో రాసిన పాత రికార్డు) నకళ్లు తీయండి. ఆ పహాణీలో "శిఖం" అని ఉంటే అక్కడితో ఆగిపోండి.

తర్వాత మత్తడి దగ్గరకు నడిచి వెళ్లండి. నిండిన చెరువు నీరు పొర్లేది అక్కడే, ఆ ఎత్తే ఎఫ్‌టీఎల్. కానీ మత్తడిని పగలగొట్టి, చెరువు ఎప్పుడూ సగమే నిండేలా చేసినవాళ్లను నా కళ్లతో చూశాను. అందుకే ఈ ఏడాది నీరు ఎంతవరకు వచ్చిందన్నది కొలత కాదు, మ్యాపే కొలత.

మరొకరు

మొరం పోసి ఎత్తు చేసుకుంటే సరిపోదా సార్?

జవాబు

చెరువును పూడ్చడమే నేరం బాబూ. పైగా ఆ మొరం కూడా ఎవరో తవ్వి తెచ్చిందే. 1957 గనుల చట్టం కింద చిన్న తరహా ఖనిజాల నియమాలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. సొంత పొలంలో తవ్వి అమ్మాలన్నా గనుల శాఖ అనుమతి, తవ్విన ఖనిజానికి సర్కారుకు కట్టే సీనరేజీ రుసుము తప్పవు.

ఇంకొకరు

పట్టా ఇచ్చింది సర్కారు, ఇంటి పన్ను వసూలు చేసింది సర్కారు, 2024లో ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ పెట్టి కూల్చిందీ సర్కారే. ఇదేం న్యాయం?

జవాబు

మీ బాధ న్యాయమైనదే. అనుమతి ఇచ్చిన అధికారిని వదిలేసి, అప్పు చేసి ఇల్లు కట్టుకున్న కుటుంబాన్ని మాత్రమే రోడ్డున పడేస్తే నేనూ ఒప్పుకోను. అయితే చెరువు సర్కారు సొత్తు కాదు. సర్కారు దానికి కాపలాదారు మాత్రమేనని, ప్రజల తరఫున దాన్ని కాపాడాల్సిన ధర్మకర్త అని 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1908లో మూసీ వరద మిగిల్చిన గాయం నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పుట్టాయి. నీరు నిలవడానికి చోటు వదలకపోతే ఈ ఊరు ఏమవుతుందో మన తాతలు అనుభవించి తెలుసుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం నాన్నగారితో వెళ్లాను. మట్టిని కాస్త కదపగానే నత్తగుల్లలు బయటపడ్డాయి. పక్క ఇంటి ప్రహరీ మీద మోకాలెత్తున నీటి చార ఉంది. ఎఫ్‌టీఎల్ మ్యాపులో ఆ సర్వే నంబరు సగానికి పైగా గీత లోపలే కనిపించింది. బయానా ఇవ్వడం లేదు. ఆ ఇంటి ఆవిడ మాత్రం "మేమేం చేయాలమ్మా?" అని ఏడ్చారు.

జవాబు

ఆ తల్లిని వెంటనే లింకు పత్రాలు (స్థలం ముందు చేతులు మారిన పాత దస్తావేజులు), పన్ను రసీదులు, అనుమతి ప్రతి ఒకచోట చేర్చుకోమనండి. ఆ చెరువు ఎఫ్‌టీఎల్ హద్దుపై ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే వచ్చి ఉంటే అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. తుది నోటిఫికేషన్ వచ్చేసి ఉంటే భూమి కేసులు చూసే న్యాయవాదిని ఈ వారమే కలవాలి.