పొట్టలో కత్తిపోటు: వెంటనే తెరవాలా, కనిపెట్టుకుని ఉండాలా?

ప్రశ్న (సర్జరీ పీజీ, రెండో సంవత్సరం)

మొన్న రాత్రి బొడ్డుకు ఎడమవైపు కత్తిపోటుతో ఒక యువకుడు మా క్యాజువాలిటీకి వచ్చాడు. బీపీ, నాడి నిలకడగా ఉన్నాయి, గాయం చుట్టూ నొప్పి తప్ప పొట్టంతా మెత్తగానే ఉంది, అల్ట్రాసౌండ్‌లో నీరు కనిపించలేదు. ఒక సీనియర్ గారు తెరిచి చూద్దామన్నారు, మరొకరు ఆగమన్నారు. ఆగాము, అతను కోలుకున్నాడు. అయినా ఆ రాత్రంతా నాకు కుదురు లేదు. ఏ ధైర్యంతో ఆగవచ్చో పెద్దలు వివరించగలరు.

జవాబు (ట్రామా సర్జన్)

షాక్ (రక్తప్రసరణ దెబ్బతిని బీపీ పడిపోవడం), పొట్టంతా బిగుసుకుపోవడం, పేగు బయటికి రావడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా స్కాన్ల కోసం ఆగకుండా థియేటర్‌కు తీసుకెళ్లాలి. మీ రోగికి అవేవీ లేవు. ఒకప్పుడు పోటు పడిన ప్రతి పొట్టనూ తెరిచేవారు. లక్షణాలను బట్టి నిర్ణయిద్దామని బ్రూక్లిన్ సర్జన్ షాఫ్టన్ 1960లో వాదించారు, జోహన్నెస్‌బర్గ్‌లో 651 మంది కత్తిపోటు రోగులను గమనించి 1987లో ప్రచురించిన అధ్యయనం ఆ వాదానికి బలమిచ్చింది. ముందువైపు పోట్లలో దాదాపు మూడో వంతు పెరిటోనియం (పొట్ట లోపలి పొర) దాకా వెళ్లవు, వెళ్లినవాటిలోనూ అన్నింటికీ కుట్టు అవసరం రాదు. అయితే అల్ట్రాసౌండ్‌లో నీరు లేదన్న మాటను నమ్ముకోకండి, పేగుకు పడిన చిన్న చిల్లు తొలి గంటల్లో అందులో తెలియదు.

జవాబు (జిల్లా ఆసుపత్రి సర్జన్)

పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక సంగతి గట్టిగా చెప్పదలచాను. ఆగడమంటే ఊరకుండటం కాదు. కనీసం 24 గంటలు, నాలుగైదు గంటలకోసారి, వీలైనంతవరకు అదే వైద్యుడు పొట్ట తడిమి చూడాలి, నాడి, జ్వరం, హిమోగ్లోబిన్ వరుసగా రాసుకోవాలి. రాత్రి 10 గంటలకు మెత్తగా ఉన్న చోటు తెల్లవారుజామున వేలు ఆనించగానే బిగిస్తే, ఆ తేడా మొదట చూసిన చేతికే తెలుస్తుంది. ఒకే డ్యూటీ డాక్టరు మూడు వార్డులు తిరిగే చోట నేను పనిచేశాను. కేస్ షీటులో ‘పొట్ట మెత్తగా ఉంది’ అని మూడుసార్లు రాసి ఉన్న రోగికి, నేను దుప్పటి తీసేసరికే పొట్ట పలకలా ఉంది. అలా చూసుకునే మనిషి లేనప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి, పంపే వీలూ లేకపోతే తెరవడమే మేలు. మద్యం మత్తులో ఉన్నవారు, తలకు దెబ్బ తగిలినవారు నొప్పిని సరిగా చెప్పలేరు, వారి విషయంలో ఈ పరీక్షను నమ్మడానికి లేదు.

జవాబు (ట్రామా సర్జన్)

నిజమే. దానికి తోడు, పోటు ఎడమవైపు కింది పక్కటెముకల దగ్గర ఉంటే డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) చిరిగినా పొట్ట మెత్తగానే ఉండవచ్చు, సీటీ స్కాన్‌లోనూ తప్పిపోవచ్చు. అలాంటి వారికి లక్షణాలు లేకున్నా, ఒకటి రెండు రోజుల్లో ల్యాపరోస్కోపీ (చిన్న రంధ్రం గుండా కెమెరాతో పొట్ట లోపల చూడటం) చేసి చూసిన తర్వాతే నేను ఇంటికి పంపుతాను.